రోలింగ్ ట్రోఫీ ఎక్కడ తప్పిపోతుంది

సభకు నమస్కారం. క్లబ్బు కార్యదర్శులు, ఆర్బిటర్లు (చెస్ పోటీల న్యాయనిర్ణేతలు) ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను: ఒక విజేత నుంచి మరో విజేతకు చేతులు మారే రోలింగ్ ట్రోఫీ గురించి.

2022లో మామల్లపురంలో జరిగిన 44వ చెస్ ఒలింపియాడ్‌లో భారత్‌కు నోనా గప్రిందాష్విలి ట్రోఫీ వచ్చింది. ఓపెన్, మహిళల జట్ల ఫలితాలు కలిపి చూసి ఇచ్చే కప్పు అది. ఆ మహిళల జట్టులో మన హంపి, హారిక ఉన్నారు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌కి ముందు దాన్ని తిరిగి ఇవ్వాల్సి వచ్చి వెతికితే దొరకలేదు, నకలు చేయించాల్సి వచ్చింది. బుడాపెస్ట్‌లోనూ ఆ గౌరవం మనదే అయింది గనక సరిపోయింది. దేశం మొత్తం చూసిన కప్పే అలా పోతే, ఒక్క బీరువాయే ఆఫీసుగా నడిచే జిల్లా క్లబ్బులో కప్పు నిలవడం ఎంత కష్టమో ఆలోచించండి.

గ్రాండ్‌మాస్టర్ల ఆటలు డేటాబేసుల్లో భద్రంగా ఉంటాయి. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ఆడే మనిషికి ఆ భాగ్యం లేదు. 2024 మార్చి నుంచి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగ్, అంటే ఆటగాడి బలాన్ని చెప్పే అంకె, 1400 దగ్గరే మొదలవుతోంది. అంతకంటే కింద ఆడేవారికి ఆ జాబితాలో చోటు లేదు. రేటింగ్ లేని టోర్నీ ఫలితాలు గోడకు అంటించిన కాగితంతోనే పోతాయి. నిబంధనల ప్రకారం ఆటలోని ఎత్తులు రాసే స్కోర్ షీట్లు నిర్వాహకుల సొత్తు, కానీ బహుమతులు పంచిన మర్నాడు వాటిని దాచేవాళ్లు తక్కువ. తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్ ఆటల్లో ఎత్తులు రాయక్కర్లేదు కూడా. ముప్పై ఏళ్లు ఆడిన మనిషికి చివరికి మిగిలేది కప్పు అడుగున ఇత్తడి రేకు మీద ఒక పేరు, ఒక సంవత్సరం. అందుకే ఆ కప్పు పోతే నాకు బాధ.

దొంగలు ఎత్తుకెళ్లడం అరుదు. గెలిచినాయన ఇంటికి తీసుకెళ్తాడు, బదిలీ మీద ఊరు మారతాడు, కొత్త కార్యవర్గానికి ఆయన ఫోన్ నంబరు కూడా తెలియదు. లేదా పేరు చెక్కడానికి దుకాణంలో ఇచ్చి, తెచ్చుకోవడం మరుస్తారు. ఇద్దరికి సమాన పాయింట్లు వచ్చినప్పుడు ఇంకో చిక్కు: నగదు చెరిసగం పంచుతారు, కప్పు టైబ్రేక్‌లో, అంటే సమాన పాయింట్లవారిని విడదీసే లెక్కలో, ముందున్నవాడికి వెళ్తుంది, ఎవరికిచ్చారో ఎక్కడా రాసుకోరు.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. కప్పుకు నాలుగు పక్కలా, పేర్లున్న ప్రతి రేకుకూ విడిగా ఫోటోలు తీయండి. ఎత్తు, బరువు రాయండి. పీఠం అడుగున క్లబ్బు పేరు చెక్కించండి. స్టిక్కర్ వేడికి ఊడిపోతుంది. బహుమతి ప్రదానం నాడే రసీదు మూడు ప్రతులు రాయాలి: గెలిచినవారికి ఒకటి, కార్యదర్శికి ఒకటి, మూడోది మినిట్స్ పుస్తకంలో అంటించాలి. అందులో చిరునామా, రెండో వ్యక్తి ఫోన్ నంబరు, తిరిగి ఇవ్వాల్సిన తేదీ ఉండాలి. ఆ తేదీ వచ్చే టోర్నీకి కనీసం 30 రోజుల ముందు పెట్టండి. వారం ముందు పెడితే, కప్పు రాకపోయినా ఏమీ చేయలేరు. నా మాట వింటే అసలు కప్పు క్లబ్బులోనే ఉంచి, గెలిచినవారికి చిన్న నమూనా ఇవ్వండి.

రేకుల్ని రెండువైపులా అంటుకునే టేపుతో అతికించకండి, ఎండాకాలంలో జారిపోతాయి. చిన్న స్క్రూలు రెండు చాలు. వెండి పూత కప్పును చింతపండుతో తోమకండి. తోమగా తోమగా పూత అరిగి కింది ఇత్తడి బయటపడుతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు.

ఇప్పటికే పోయి ఉంటే, చివరి ఫోటోలో కప్పు ఎవరి చేతిలో ఉందో చూడండి. ఆ తర్వాత గెలిచిన ముగ్గురి దగ్గరికీ, అప్పటి కోశాధికారి దగ్గరికీ, పేర్లు చెక్కే దుకాణానికీ వెళ్లి అడగండి. నింద వేసినట్టు అడిగితే అటక మీద ఉన్నది కూడా బయటికి రాదు. దొరక్కపోతే పాత పత్రికల జిల్లా పేజీలు, సీనియర్ల దగ్గరున్న సర్టిఫికెట్లు చూసి విజేతల జాబితా మళ్లీ కూర్చండి. తేలని సంవత్సరం రేకు ఖాళీగా వదలండి, ఊహించి చెక్కకండి. కొత్త కప్పు మీద ‘నకలు’ అని, చేయించిన సంవత్సరం వేయించండి. రేపు అసలుది దొరికితే ఏది ఏదో తెలియాలి కదా.