గిటార్ తీగలు: కంపెనీ కంటే ముందు నంబరు

ప్రయోక్త: మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

శ్రోత 1: నమస్కారమండీ. మా అబ్బాయి గిటార్‌కి నైలాన్ తీగలున్నాయి. శబ్దం మరీ మెత్తగా వస్తోందని స్టీలు తీగలు వేయించమంటున్నాడు. ఏ కంపెనీవి మంచివి?

నిపుణుడు: కంపెనీ సంగతి తర్వాత చూద్దామమ్మా. తీగల చివర్లు బ్రిడ్జికి, అంటే గిటార్ పైపలక మీద తీగలు ఆగే చెక్కముక్కకి, ముడేసి కట్టి ఉన్నాయా?

శ్రోత 1: అవునండీ, ముడులే.

నిపుణుడు: అయితే అది క్లాసికల్ గిటార్. స్టీలు వద్దే వద్దు. నైలాన్ సెట్ మొత్తం కలిపి లాగేది సుమారు 40 కిలోల బలం. మామూలు అకూస్టిక్‌కి, అంటే కరెంటు అక్కర్లేని స్టీలు తీగల గిటార్‌కి, వేసే 12-53 సెట్ అయితే 70 కిలోలు దాటుతుంది. 12 అన్నది అన్నిటికంటే సన్న తీగ మందం, 53 లావు తీగది. పైపలక కింద అతికించిన సన్నటి కర్రపట్టీలు అంత లాగుడుకి ఆగవు. ఒక్క రోజులో ఏమీ కనబడదు. మెల్లగా పలక ఉబ్బుతుంది, ఆనక బ్రిడ్జి ఊడొస్తుంది.

శ్రోత 1: అయ్యో! వాడు నిన్ననే ఒక తీగ మార్చేశాడండీ. మొదటిది.

నిపుణుడు: ఒక్కటేనా? బతికాం. ముందు దాన్ని వదులు చేసి తీసేయమనండి. గట్టిగా మోగాలంటే నైలాన్‌లోనే ‘హార్డ్ టెన్షన్’ సెట్లు ఉంటాయి. డాడారియో, సవరెజ్, అగస్టీన్... ఏదైనా ఫరవాలేదు. 1940ల్లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్ తెచ్చేదాకా క్లాసికల్ గిటార్‌కి ఎక్కువగా జంతువుల పేగుతో చేసిన తీగలే వాడేవారు.

ప్రయోక్త: తర్వాతి కాల్.

శ్రోత 2: సార్, నా దగ్గర రెండు ఎలక్ట్రిక్ గిటార్లున్నాయి, స్ట్రాటోకాస్టర్, లెస్ పాల్. రెంటికీ ఒకే కంపెనీ 10-46 సెట్ వేశాను. లెస్ పాల్ మీద బెండ్, అదే తీగని పక్కకి లాగి స్వరం పెంచడం, ఇట్టే పలుకుతోంది. స్ట్రాట్ మీద వేళ్లు మండిపోతున్నాయి. నకిలీ సరుకంటారా?

నిపుణుడు: కాదు బాబూ, తేడా గిటార్లలో ఉంది. స్ట్రాట్‌లో నట్ నుంచి, అంటే మెడ పైచివర తీగలు ఆనే పట్టీ నుంచి, బ్రిడ్జి దాకా 25.5 అంగుళాలు, లెస్ పాల్‌లో 24.75. అదే తీగని అదే శ్రుతిలో పొడుగు గిటార్ మీద నిలపాలంటే ఎక్కువ బిగించాలి. బిగువు ఆరు శాతం దాకా పెరుగుతుంది. స్ట్రాట్‌కి 9-42 వేసి చూడు. ఈ మందం అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు, అంతే. సన్న తీగలేస్తే గిటార్ వెనక బ్రిడ్జిని లాగి పట్టే స్ప్రింగులు కాస్త వదులు చేయాలి, లేకపోతే బ్రిడ్జి వెనక్కి వాలుతుంది. బ్రాండు పాతదే ఉంచుకో.

శ్రోత 3: అకూస్టిక్ అండీ. పదిహేను రోజులకే తీగలు నల్లబడుతున్నాయి.

నిపుణుడు: చెమట చేతులా? ఎలిక్సిర్ లాంటి పూత తీగలు వేయండి. ఖరీదెక్కువ, కానీ ఎక్కువ కాలం వస్తాయి. నా వేళ్లకి మాత్రం అవి జారుడుగా తగులుతాయి, అది నా చాదస్తం. మామూలువే కావాలంటే ఫాస్ఫర్ బ్రాంజ్ అనే కంచు రకం తీగలు వేసుకుని, వాయించగానే పొడిగుడ్డతో తుడవండి.

ప్రయోక్త: మొదటి కాలర్ మళ్లీ లైన్లోకి వచ్చారు.

శ్రోత 1: తీసేశామండీ. బ్రిడ్జికి ఏమన్నా అయ్యుంటుందా?

నిపుణుడు: బ్రిడ్జి వెనక అంచు కింద పలచటి కాగితం దూరుతుందేమో చూడండి.

శ్రోత 1: ...దూరట్లేదండీ.

నిపుణుడు: అయితే ఏమీ కాలేదు. కొత్త నైలాన్ తీగ కొన్ని రోజులు సాగుతూనే ఉంటుంది, శ్రుతి మాటిమాటికీ దిగిపోతుంది. మళ్లీ స్టీలు అనకుండా చూసుకోండి.