అన్నవాహిక తీసేస్తే "పైపు వేస్తారు" అనేవాళ్ళ కోసం

"పైపు వేశారంట."

ఈ ముక్క విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అన్నవాహిక కేన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్ళని చూసి బయటికొచ్చిన చుట్టాలందరిదీ ఇదే మాట. ప్లాస్టిక్ పైపంట, ఐదేళ్ళకోసారి మార్చాలంట, వేడి కాఫీ తాగితే కరిగిపోద్దంట. ఆ కాఫీ సంగతి మా సొంత పెద్దమ్మే అంది, అదీ నాతోనే.

ఈ పుకారు గాల్లోంచి పుట్టలేదు లెండి. ఆపరేషన్‌కి వీల్లేని దశలో, ముద్ద దిగడానికి లోపల మెటల్ స్టెంట్ పెడతారు. ఆపరేషన్ అయినవాళ్ళకేమో, కొన్నాళ్ళపాటు పొట్ట పక్కనుంచి చిన్నపేగులోకి సన్నటి ట్యూబు ఉంటుంది, ద్రవాహారం ఎక్కించడానికి. జనం ఈ రెండూ కలిపి ఒక పైపు కట్టేశారు.

నిజంగా పైపుతో బతికినావిడ ఒకరున్నారు. 1913, న్యూయార్క్. ఫ్రాంజ్ టోరెక్ అనే సర్జన్ 67 ఏళ్ళ పేషెంటుకి ఛాతీలోని అన్నవాహికని కోసి తీశాడు. అప్పటిదాకా కేన్సర్‌కి ఆ పని చేసి మనిషిని బతికించినవాళ్ళు లేరు. తీశాడు సరే, మిగిలిన ముక్కని దేనికి కలపాలి? మెడ దగ్గర ఒక రంధ్రం, పొట్ట మీద ఇంకో రంధ్రం, రెండిటి మధ్య ఒంటి బయటే రబ్బరు గొట్టం. ఆవిడ నమిలి మింగిన ముద్ద మెడలోంచి బయటికొచ్చి, గొట్టంలోంచి దిగి పొట్టలోకి పోయేది. అలా పదేళ్ళ పైన బతికింది. పైపంటే అదండీ, అంతే.

[స్క్రీన్ మీద: జీర్ణాశయం బొమ్మ]

ఇప్పుడు వేరే వస్తువేదీ తెచ్చి పెట్టరు. అన్నవాహిక పొడవు దాదాపు 25 సెంటీమీటర్లు. అది తీసేశాక ఆ ఖాళీలోకి మన జీర్ణాశయాన్నే లాగుతారు. సంచిలా ఉన్నదాన్ని ఒక అంచు వెంట స్టేప్లర్‌తో కత్తిరించి, సన్నటి గొట్టంలా మలిచి, పైకి తెచ్చి, మిగిలిన అన్నవాహిక ముక్కకి కుడతారు. ఛాతీలో కుట్టే పద్ధతిని ఐవర్ లూయిస్ అనే సర్జన్ 1946లో ప్రచురించాడు, ఇప్పటికీ ఆయన పేరే. మెడలో కుట్టే పద్ధతి ఇంకోటుంది.

కొయ్యడం, లాగడం నేర్చుకుంటే వచ్చేస్తాయి. అసలు గొడవంతా నీళ్ళ దగ్గర.

మాది సాగర్ కుడికాలవ చివర, ఒంగోలు బ్రాంచి కింద. అక్కడ పొలమున్నవాళ్ళకి ఈ వీడియో సగం అక్కర్లేదు. కాలవలో నీళ్ళొదిలారని పేపర్లో వస్తుంది, మన మడిలోకి మాత్రం రావు.

జీర్ణాశయానికి రక్తం తెచ్చే పెద్ద కాలవలు నాలుగు, పైన ఎడమవైపు కొన్ని పిల్లకాలవలు. వీటిలో కొన్నిటిని తెంపకపోతే జీర్ణాశయం పైకి కదలదు. అందుకని ఎడమవైపు పెద్దవి రెండూ కట్టేస్తారు, పిల్లకాలవలూ కట్టేస్తారు. కుడివైపు రెండిట్లో చిన్నది ఉంచినా దాని సాయం అంతంత మాత్రం. ఇక ఆయకట్టు మొత్తానికి దిక్కు రైట్ గ్యాస్ట్రోఎపిప్లోయిక్ ఆర్టరీ. నోరు తిరగదు కదా? కుడికాలవ అనుకోండి. నాకైతే మా ఊరి కాలవే.

ఈ కుడికాలవ కూడా చివరిదాకా రాదు! గొట్టం పైకొస ఇంకా మిగిలుండగానే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి పైకి, మడిలోంచి మడికి నీళ్ళు పారినట్టు, గోడలోపలి సన్నటి నాళాల గుండా రక్తం ఊరుతూ పోవాలి. సర్జన్ కుట్టు వెయ్యాల్సింది సరిగ్గా ఆ చివరి మడిలో. పైగా పేగుకుండే గట్టి పైపొర అన్నవాహికకి లేదు, కుట్టు పట్టు తక్కువ. అంటే నీళ్ళూ అందవు, కట్టా మెత్తనే.

అందుకే గండి పడుతుంది. ఆస్పత్రి భాషలో లీక్. మంచి సెంటర్లలో కూడా పదిమందిలో ఒకరికి దాకా జరిగేదే. "డాక్టర్ సరిగ్గా కుట్టలేదు" అని కొట్లాటకి దిగేముందు ఈ కాలవ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మెడలో గండి పడితే కొంత నయం. ఉమ్మి గాయంలోంచి బయటికొస్తుంది, డ్రెస్సింగులు చేస్తూ ఓపిక పడితే చాలామందికి పూడిపోతుంది. ఛాతీలో పడితే ఊళ్ళోకి నీళ్ళొచ్చినట్టే, గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ ఇన్ఫెక్షన్. మరి అందరికీ మెడలోనే కుట్టొచ్చుగా? అంతదూరం లాగితే చివరి మడి ఇంకా దూరమవుతుంది, గండ్లు మెడలోనే ఎక్కువ.

ఈ మధ్య లష్కరు ఒకడొచ్చాడు, అదే, కాలవ వెంట నీళ్ళెక్కడిదాకా వచ్చాయో చూసేవాడు. ఐసీజీ అనే రంగుమందు. నరంలోకి ఎక్కిస్తే, ప్రత్యేక కెమెరాలో రక్తం పారిన మేరా పచ్చగా వెలుగుతుంది. పచ్చ ఎక్కడ ఆగిందో చూసుకుని దానికి ఇవతలే కుడతారు. ఆ స్క్రీన్ చూస్తుంటే అచ్చం ఆకుమడే.

అయ్యో, టైమ్ అయిపోతోంది. మిగతావి గబగబా.

ఒకటి, కీమో, రేడియేషన్ ముందిచ్చి ఆపరేషన్ ఆలస్యం చేస్తున్నారని కంగారు పడకండి. నెదర్లాండ్స్‌లో చేసిన క్రాస్ అనే అధ్యయనం 2012లో వచ్చింది. నేరుగా ఆపరేషన్ చేసినవాళ్ళలో సగంమంది 24 నెలలు దాటి బతికితే, ముందు చికిత్స ఇచ్చినవాళ్ళలో సగంమంది 49 నెలలు దాటారు. మన దగ్గర ఎక్కువగా కనిపించే స్క్వేమస్ రకంలో, అంటే అన్నవాహిక లోపలి పొర కణాల్లో పుట్టే కేన్సర్‌లో, లాభం ఇంకా బాగా కనిపించింది.

కీహోల్ గురించి అడుగుతారు, అంటే పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్. అదే ఏడాది ఇంకో అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ 29 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది.

ఆస్పత్రి ఎంచుకోవడం అన్నిటికంటే ముఖ్యం, చివర్లో చెప్తున్నాను చూడండి, నా ఖర్మ. అమెరికాలో 2002లో లెక్క తీస్తే, ఈ ఆపరేషన్ ఏడాదికి రెండు కూడా చెయ్యని ఆస్పత్రుల్లో సుమారు 20 శాతం చనిపోయారు, 19 దాటి చేసేచోట 8 శాతం. బిల్డింగు చూడొద్దు, "ఏడాదికి ఎన్ని చేస్తారండీ?" అని అడగండి. ఏమీ అనుకోరు. అనుకుంటే ఇంకో చోటికి వెళ్ళండి.

తిండి సంగతి. సంచి గొట్టమైపోయింది కాబట్టి ఒకేసారి కంచం నిండా పట్టదు. రోజుకి ఆరుసార్లు, కొంచెం కొంచెం. తిన్నవెంటనే పడుకోవద్దు, మంచం తలవైపు ఎత్తు పెట్టుకోవాలి. పాయసం తాగాక చెమటలు, గుండెదడ వస్తే అది డంపింగ్, తీపి తగ్గించాలి. కొన్ని నెలలకి ముద్ద మళ్ళీ అడ్డం పడితే కేన్సర్ తిరగబెట్టిందనే అనుకోనక్కర్లేదు. చాలాసార్లు కుట్టు దగ్గర సన్నబడి ఉంటుంది, ఎండోస్కోపీతో వెడల్పు చేస్తారు. కానీ చూపించుకోవాలి, ఇంట్లో కూర్చోవద్దు.

ఇక పెద్దమ్మ కాఫీ. తాగొచ్చు, కరగడానికి లోపల ప్లాస్టిక్ లేదు. కాకపోతే 65 డిగ్రీలు దాటిన పానీయాలకి అన్నవాహిక కేన్సర్‌తో సంబంధం ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2016లో చెప్పింది. కాబట్టి పెద్దమ్మా, పొగలు కక్కుతుంటే నువ్వు కూడా కాసేపు ఆగి తాగు.