తాళం వేసిన ఇళ్లు
(గిడుగు జయంతి సభలో, పర్లాకిమిడిలో చేసిన ప్రసంగం పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నాకు ఎక్కాలు నేర్పిన మాస్టార్లకు, పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి వచ్చిన మనవాళ్లకు, ఒడియా మిత్రులకు నమస్కారం. గిడుగు వారి గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడతాను. కానీ కాసేపట్లో మాట వేరే దారి పడుతుంది. పెద్దలు మన్నించాలి.

గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఈ ఊళ్లో రాజావారి బడిలో పాఠాలు చెప్పడానికి చేరారు. చరిత్ర చెప్పేవారు. భాషాశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు. ఇక్కడి కొండల్లోని గిరిజనుల భాష సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాట నేర్చుకున్నారు. ముఖలింగం శాసనాల కోసం పాత లిపులు సొంతంగా పట్టారు. ఈ రోజు ఆయన భాషాశాస్త్రం పీజీకి దరఖాస్తు పెడితే, 'డిగ్రీలో చదివిన సబ్జెక్టు' అన్న గడిలో ఏం రాసేవారు? ఆయన కాగితం సంగతి ఏమో గానీ, నాది అలాంటి గడి దగ్గరే ఆగింది.

నేను బీకాం. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కాలేజీలో ఇంగ్లిషు. డిగ్రీ అయ్యాక ఒక సర్వేలో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసే పని దొరికింది. గుమ్మ వైపు కొండ ఊళ్లు. ముందు ఊరి ఇళ్లన్నీ జాబితా రాస్తారు. అందులోంచి ఒక పద్ధతి ప్రకారం కొన్ని ఇళ్లు ఎంచి ఇస్తారు. మనం ఆ ఇళ్లకే వెళ్లాలి. ఒక సవర ఊళ్లో నాకు పన్నెండు ఇళ్లు వచ్చాయి. అయిదింటికి తాళం. సూపర్‌వైజరుకి ఫోన్ చేస్తే, "తాళం ఉంటే పక్కింట్లో రాసేయమ్మా, సంఖ్య తగ్గకూడదు" అన్నారు. రాసేశాను. సాయంత్రం బస్సు కోసం కూర్చుంటే ఒక ముసలమ్మ నా పక్కకొచ్చి కూర్చుంది. ఆ అయిదిళ్ల వాళ్లూ ఏరీ అని అడిగాను. "దాదన్ పోయారు దీదీ, ఇటుక బట్టీలకి. వానల ముందు వస్తారు" అంది. దాదన్ అంటే ముందే డబ్బు తీసుకుని వలస కూలికి వెళ్లడం.

నాకు చెమట పట్టింది. మా ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ఈ ఇంటి నుంచి పనికోసం బయటికి వెళ్లినవాళ్లు ఎంతమంది? వెళ్లినవాళ్ల ఇళ్లకే తాళం. నేను తాళం లేని ఇళ్లలో అడిగి, ఎవరూ వెళ్లలేదని రాసుకొచ్చాను. ఒక్క గడీ ఖాళీ లేదు. ఆ ఊళ్లో వలసే లేదని నా చేత్తో రాసిన కాగితం చెబుతోంది. ఆ కాగితం చూసే కదా రేపు ఎవరో రేషను గురించో, పిల్లల హాస్టలు గురించో నిర్ణయం చేస్తారు!

ఇలా లెక్క ఒక పక్కకి ఒరిగిపోవడాన్ని బయాస్ అంటారని, దొరకని ఇంటిని లెక్కలోకి ఎలా తేవాలో పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయని తర్వాత తెలిసింది. ఆ చదువే, స్టాటిస్టిక్స్, చదవాలనుకున్నాను.

కామర్స్ పిల్లకి ఎందుకమ్మా ఇది, అన్నారు అందరూ. ఈ శాస్త్రాన్ని మన దేశంలో నిలబెట్టినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. మహలనోబిస్ ఫిజిక్స్ ప్రొఫెసరు. 1926లో మన ఒడిశాలోనే బ్రాహ్మణి నది పొంగితే, నది అడుగు మేటవేసి పైకి లేచింది, కరకట్టలు ఎత్తు పెంచాలి అన్నారు ఇంజనీర్లు. ఆయన అరవై ఏళ్ల లెక్కలు ముందేసుకుని, అడుగు లేవలేదని తేల్చారు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది ఆయనే. మన సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, ఏదో ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ద్వారా ఈ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, 1941లో శిక్షణకి చేరారు. 1945లో ఆయన అచ్చువేసిన వ్యాసంలోని క్రామర్–రావు హద్దును, అంటే ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దును, ఇప్పటికీ స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ క్లాసుల్లో చెబుతారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయనకు వచ్చింది.

అయితే వాళ్లిద్దరికీ గణితం వచ్చు. నాకు రాదు. ఇది పిల్లలకు దాచకుండా చెప్పాలి. ఏ దారిన వచ్చినా కాల్‌క్యులస్, మాత్రికలు, సంభావ్యత, ఈ మూడూ చేతిలో ఉండాలి.

నా మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది. కౌంటర్లో ఉన్నాయన నా మార్కుల జాబితాలో 'బిజినెస్ స్టాటిస్టిక్స్' మీద వేలు పెట్టి, "ఇది చాలదమ్మా, డిగ్రీలో గణితం గానీ స్టాటిస్టిక్స్ గానీ మెయిన్‌గా ఉండాలి" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. అలాంటి నిబంధన ఉంటుందని నేను డిగ్రీలో చేరిన రోజున ఈ ఊళ్లో నాకు ఒక్కరూ చెప్పలేదు. ఒక్కరూ చెప్పలేదండీ! ఇన్నేళ్లయినా అదే నా బాధ. ఈ రోజు ఈ మైకు పట్టుకున్నది అందుకే.

దూరవిద్యలో మళ్లీ బీఎస్సీ గణితం కట్టాను. మూడేళ్లు. రిటైరైన లెక్కల మాస్టారొకరు సాయంత్రాలు తమ అరుగు మీద కూర్చోబెట్టి లిమిట్ అంటే ఏమిటో చెప్పారు. నాలుగు నెలలు ఒక్క ఆ నిర్వచనమే రాయించారు. ఇంట్లో అమ్మకి టెన్షన్. ఇరవై ఆరేళ్లు వచ్చాయి, ఇంకా చదువేమిటని. ఇక్కడ కూర్చున్న అమ్మలందరికీ దణ్ణం పెట్టి అడుగుతున్నాను, ఆ మూడేళ్లు మీ పిల్లలకి ఇవ్వండి.

పిల్లలూ, ఇప్పుడు రాసుకోండి. ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు ఉంటుంది. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. తప్పు జవాబుకి మార్కు కోసేది మొదటి భాగంలోనే. సంఖ్య వేసే ప్రశ్నల్ని భయపడి వదలొద్దు. కలకత్తా ఇన్‌స్టిట్యూట్ పరీక్షలో సరైన జవాబుకి గుర్తు పెట్టడంతో పాటు మెట్టు మెట్టుగా రాసి నిరూపించాలి కూడా. అర్హత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఫీజు కట్టే ముందే ప్రాస్పెక్టస్ చదవండి. విదేశాలకైతే సిఫార్సు ఉత్తరాలు కావాలి. పెద్ద హోదా ఉన్నాయన దగ్గరికి పరుగెత్తకండి. మీ తప్పులు దిద్దిన మాస్టారిని అడగండి.

అక్కడ 'ఎందుకు చదవాలనుకుంటున్నారు' అని ఒక వ్యాసం కూడా అడుగుతారు. నన్నూ ఒక చోట అడిగారు. చిన్నప్పటి నుంచి నాకు లెక్కలంటే ప్రాణం అని మొదలుపెట్టాను. అది అబద్ధం. చించేసి, ఆ అయిదు తాళాల సంగతి రాశాను. ఇంటర్వ్యూలో ప్రొఫెసరు గారు మార్కుల గురించి ఒక్క మాట అడిగి, మిగతా సమయమంతా ఆ ఇళ్ల గురించే అడిగారు. "మళ్లీ వెళితే ఏం చేస్తావు?" అన్నారు. వానల ముందు ఇంకోసారి వెళతానండీ అన్నాను. "వాళ్లు అప్పటికీ రాకపోతే?" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. తెలియదనే చెప్పాను. సీటు వచ్చింది.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, ఒక్క మాట. బీఏ అయినా, బీకాం అయినా, మీరు చదివిన ఏడాది సిలబస్ కాపీ కాలేజీ ముద్ర వేయించి దాచుకోండి. ఏ పేపరులో మాత్రికలు చదివారో అడిగితే చూపించాలి. పదేళ్లయ్యాక ఆఫీసులో అది దొరకదు. నాకు దొరకలేదు.

ఈ ఆదివారం పొద్దున పదింటికి గ్రంథాలయం వరండాలో ఉంటాను. మార్కుల జాబితాలు పట్టుకు రండి. ప్రాస్పెక్టస్‌లు కలిసి చదువుదాం. గుమ్మ బస్సు ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ఆ పిల్లలు దిగి వచ్చాకే మొదలుపెడదాం.