డబ్బు పాస్‌బుక్‌కి, అప్పు కౌలు రైతుకి

నమస్తే అండి. "ప్రభుత్వం ఇంత ఇస్తోంది కదా, ఇంకా రైతుకి ఏం కష్టం?" అని ఎవరైనా అంటే నాకు నిజంగా బాధేస్తుంది. ముందు ఏ రైతుకి ఇస్తోందో చూడాలి కదా.

[తెర మీద: పట్టాదారు పాస్‌బుక్]

తెలంగాణ సంగతే తీసుకోండి. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి, ఒక్కో పంటకి 4,000 రూపాయలు, తర్వాత 5,000, 2025లో రైతు భరోసాగా 6,000 అయింది. సొంత పొలం చేసుకునే చిన్న రైతుని అడగండి, మంచి పథకమనే చెప్తాడు. విత్తనాలు, డీఏపీ ఎరువు కొనే రోజుల్లో ఆ డబ్బు పడితే షావుకారు గడప తొక్కే పని తప్పుతుంది. ఆలస్యమైతే మాత్రం, నాట్లు ఆగవు కాబట్టి ఎక్కడో అప్పు తెచ్చేస్తాడు, తర్వాత పడిన డబ్బు వడ్డీకే పోతుంది. అందుకే రైతులు "ఎంత ఇస్తారు" కంటే "ఎప్పుడు వేస్తారు" అనే ఎక్కువ అడుగుతారు.

[తెర మీద: నాట్లు వేస్తున్న పొలం]

ఇక కౌలు రైతు. దున్నేది ఆయన, డబ్బు పడేది పట్టా ఉన్నవాళ్ల ఖాతాలో, వాళ్లు హైదరాబాద్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా సరే. కేంద్రం ఏడాదికి ఇచ్చే 6,000 పీఎం కిసాన్ కూడా భూమి రికార్డు చూసే ఇస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలు రైతుకి సీసీఆర్సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కు పత్రం వస్తుంది, దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. కానీ ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి, చాలాచోట్ల కథ అక్కడే ఆగిపోతోంది. సంతకం పెడితే రేపు భూమి తనదంటాడేమోనని యజమాని భయం (చట్టం అలాంటి హక్కేమీ ఇవ్వదు), పైగా కొందరు అదే పొలం మీద తామే పంట రుణం తీసుకుని ఉంటారు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు ఆ పొలం ఇంకొకరికి పోతుంది. ఇంటిల్లిపాదీ ఆ నాలుగెకరాల మీదే బతుకుతుంటే ఇంకెలా అడుగుతాడండీ?

నన్ను ఎక్కువ కలచివేసేది రైతుబీమా. 2018 ఆగస్టు 15 నుంచి తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకి 5 లక్షలు ఇస్తారు. చాలా మంచి పథకం, ఎన్నో కుటుంబాలని నిలబెట్టింది. కానీ తన పేర గుంట భూమి కూడా లేని కౌలు రైతు పోతే, ఆ ఇంటికి ఈ బీమా రాదు.

అందుకే యజమాని సంతకంతో పని లేకుండా గ్రామసభలో విచారించి కార్డు ఇవ్వమని కౌలు రైతులు అడుగుతున్నారు. ఏ పొలం ఎవరు చేస్తున్నారో ఊరందరికీ తెలిసిన విషయమే కదా.