పీకి చూడకండి

అందరికీ నమస్కారం. నా గురించి ఇప్పుడు చెప్పినదాంట్లో సగం నిజం, మిగతా సగం అభిమానం. నేను నిపుణుణ్ణి కాను. చంపిన కొమ్మల లెక్క తీస్తే ఈ మైకు ముందు నిలబడే అర్హత కూడా ఉండదు.

ఇరవై నిమిషాలిచ్చారు. గులాబీ కొమ్మ నాటడం గురించి చెప్పమన్నారు. పద్ధతి రెండు నిమిషాల పని. పూసి రాలిన కొమ్మ, పెన్సిలంత లావుది, 15 నుంచి 20 సెంటీమీటర్లు. మూడు నాలుగు కణుపులుండాలి. కింది కోత కణుపుకి కాస్త దిగువన. పైన ఒకటో రెండో ఆకులు ఉంచి మిగతావి తుంచేయండి. ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి అందులో గుచ్చి, నీడన పెట్టి, తేమ పోకుండా పైన ప్లాస్టిక్ సీసా బోర్లించండి. ఎరువు వద్దు. అయిపోయింది. ఇక అసలు సంగతికి వస్తాను.

మా అమ్మకి ఒక గులాబీ ఉండేది. పేరు తెలీదు, లేత రంగు, మంచి వాసన. అమ్మ పోయిన ఏడాదే అదీ ఒక పక్కనుంచి ఎండిపోవడం మొదలెట్టింది. ఆదరాబాదరాగా ఆరు కొమ్మలు తీసి నాటాను. పదో రోజుకి చిగుళ్ళొచ్చాయి! కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. పద్నాలుగో రోజు ఆగలేక ఒకదాన్ని పీకి చూశాను. వేరు లేదు. కోత దగ్గర తెల్లగా, బుడిపెలు బుడిపెలుగా ఏదో ఉంది. కుళ్ళిందనుకుని పారేశాను. ఇంకోటి పీకాను, అంతే. మూడు, నాలుగు...

ఆ తెల్లటి బుడిపే కోత మానుతోందనడానికి గుర్తు. దాన్ని కేలస్ అంటారని తర్వాత తెలిసింది. చిగురంటారా, అది కొమ్మలో దాచుకున్న తిండితో వస్తుంది. వేరు ఉన్నట్టు కాదు. వేళ్ళకి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చిగుళ్ళలో, ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి కోత దగ్గర చేరాలి, అప్పుడు వేళ్ళు పుడతాయి. అందుకే కొమ్మని తలకిందులుగా నాటితే నాటుకోవడం కష్టం. దుకాణంలో దొరికే, వేళ్ళు రప్పించే పొడిలో ఎక్కువగా ఉండేది ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం. అది వేళ్ళు పుట్టిస్తుందని జిమర్‌మన్, విల్‌కాక్సన్ 1935లోనే చూపించారు. మంచిదే, వాడండి. పీకే చెయ్యికి మాత్రం ఏ పొడీ లేదు.

ఎక్కడున్నాను? ఐదోది. ఐదో వారంలో పీకాను. దారప్పోగులంత వేళ్ళు రెండు, తెల్లగా. నా వేళ్ళ మధ్యే తెగిపోయాయి. అప్పటికి తల్లి మొక్క కూడా పూర్తిగా ఎండిపోయింది. అక్కడే కుండీ పక్కన కూలబడ్డాను.

నిజం చెప్పండి, ఇక్కడ ఎంతమంది పీకి చూశారు? చేతులెత్తండి... అబ్బో! వెనక వరసలో ఆవిడ రెండు చేతులూ ఎత్తారు.

ఆరోది ఏమైందనా? మా వదిన దాన్ని నాకు చెప్పకుండా నీళ్ళ ట్యాంకు వెనక దాచింది. "నువ్వు దాని జోలికొస్తే ఊరుకోను" అంది. మూడు నెలలు చూపించలేదు. ఇప్పుడది నా భుజం దాకా ఉంది.

అందరికీ అలాంటి వదిన ఉండదు కాబట్టి ఒక ఉపాయం. కొమ్మని గాజులా లోపలిది కనపడే ప్లాస్టిక్ డబ్బాలో నాటండి, అడుగున చిల్లులు పెట్టి. చుట్టూ నల్ల కాగితం చుట్టండి. టెన్షన్ ఆగకపోతే కాగితం విప్పి చూసి, మళ్ళీ చుట్టేయండి. డబ్బా గోడకి ఆనుకుని వేళ్ళు కనపడతాయి.

టైమైందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఆ బకెట్‌లో మా అమ్మ గులాబీ కొమ్మలున్నాయి, మనిషికి రెండు తీసుకోండి. ఏది పైనో తెలియకపోతే కణుపు చూడండి: మొగ్గ ఎప్పుడూ ఆకు మచ్చకి పైనే ఉంటుంది. కొమ్మలు చుట్టుకోడానికి తడి గుడ్డ తెచ్చుకోనివాళ్ళు నా దగ్గరికి రండి.