ట్రాలర్ వించికి హైడ్రాలిక్ సిస్టమ్: ఏది కొనాలి, ఎంత సైజులో కొనాలి

నమస్కారం అండీ. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. బోట్లు ఒడ్డెక్కేదీ, పెద్ద రిపేర్లు జరిగేదీ ఆ రెండు నెలల్లోనే. వల రోపుని చుట్టి లాగే పాత మెకానికల్ వించి పీకేసి, ఆయిల్ ప్రెషర్‌తో నడిచే హైడ్రాలిక్ వించి పెట్టిద్దామని చూస్తున్న బోటు ఓనర్లకీ, ఆ పని చేసే మెకానిక్కులకీ ఈ వీడియో. మెరైన్ డిప్లొమా చదివే పిల్లలకి కూడా ఈ లెక్కలు పనికొస్తాయి.

షాపుకి వెళ్లగానే "ఎన్ని హెచ్‌పీ కావాలి?" అని అడుగుతారు. అప్పుడే జవాబు చెప్పకండి. మన వల ఎంత బరువు లాగాలి, నిమిషానికి ఎన్ని మీటర్ల రోపు లోపలికి రావాలి, ముందు ఈ రెండూ తేల్చుకోవాలి. మిగతావన్నీ వీటి వెనకే వస్తాయి.

ఉదాహరణకి రెండు రోపులూ కలిపి ఒక టన్ను లాగాలి, వేగం నిమిషానికి 40 మీటర్లు అనుకుందాం. స్క్రీన్ మీద చూడండి. ఆ పనికి రోపు చుట్టుకునే డ్రమ్ము దగ్గర కావాల్సిన పవర్ 6.5 కిలోవాట్లు. ఇంజను పంపుని తిప్పితే, పంపు తోసే ఆయిల్ హైడ్రాలిక్ మోటారుని, ఆ మోటారు డ్రమ్ముని తిప్పుతాయి. మోటార్లో, పైపుల్లో, పంపులో కొంత కొంత పోతుంది కాబట్టి ఇంజను నుంచి తీసుకోవాల్సింది సుమారు 9.6 కిలోవాట్లు, అంటే 13 హెచ్‌పీ. 140 బార్ ప్రెషర్ దగ్గర నడిపితే నిమిషానికి 35 లీటర్ల ఆయిల్ కావాలి. బార్‌ని లీటర్లతో గుణించి 600తో భాగిస్తే ఆయిల్‌లో ఉన్న పవర్ కిలోవాట్లలో వస్తుంది. మనకి ఇక్కడ సుమారు 8.2, పంపులో పోయేది కూడా కలిపితే ఆ 9.6. ఈ ఒక్క ఫార్ములా గుర్తుంటే చాలు, సేల్స్‌మన్ చెప్పే అంకెలు సరైనవో కావో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కేటలాగులో "ఒక టన్ను" అని రాసి ఉంటే, అది చాలాసార్లు ఖాళీ డ్రమ్ము లెక్క. రోపు చుట్టుకునే కొద్దీ డ్రమ్ము లావెక్కుతుంది. ఖాళీగా 15 సెంటీమీటర్లున్న వ్యాసార్థం నిండాక 30 అయితే, లాగే బలం సగానికి పడిపోతుంది. వల బోటు దగ్గరికొచ్చేసరికి డ్రమ్ము నిండిపోయి ఉంటుంది, వించి చేతిలో అర టన్నే మిగులుతుంది. అందుకే మోటారు సైజు నిండు డ్రమ్ముకే లెక్క కట్టమనండి. మన ఉదాహరణలో 30 సెంటీమీటర్ల దగ్గర టన్ను లాగాలంటే దాదాపు 2,940 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం కావాలి, డ్రమ్ము నిమిషానికి 21 చుట్లు తిరగాలి. ఇంత నెమ్మదిగా తిరుగుతూ ఇంత బలంగా లాగడానికి రేడియల్ పిస్టన్ మోటారు నేరుగా బిగించవచ్చు. లేదంటే ఆర్బిటల్ మోటారుకి గేర్‌బాక్స్ పెట్టాలి, అది చవక. ఏది పెట్టినా స్ప్రింగ్‌తో పట్టి, ఆయిల్ ప్రెషర్ వస్తేనే వదిలే బ్రేకు ఉండాల్సిందే. హోస్ పగిలినా వల జారిపోకుండా ఆపేది ఆ బ్రేకే.

ఇప్పుడు పంపు. మెయిన్ ఇంజను నుంచే తిప్పుతాం కదా, మరి వల ఎత్తేటప్పుడు సరంగు, అంటే బోటు నడిపేవాడు, ఇంజను ఏ ఆర్‌పీఎం మీద ఉంచుతాడు? వెయ్యి దగ్గరా? అయితే 35 లీటర్లు ఆ వెయ్యిలోనే రావాలి. పంపు లోపల కొంత ఆయిల్ లీకవుతుంది కాబట్టి అది కూడా కలుపుకుంటే 38 సీసీ పంపు, అంటే ఒక్క చుట్టుకి 38 సీసీ ఆయిల్ తోసేది. 1,800 ఆర్‌పీఎం లెక్కన చిన్న పంపు కొంటే, వల ఎత్తే వేళకి వించి ఈడుస్తూ తిరుగుతుంది. పెద్ద పంపు పెట్టామనుకోండి, 1,800 దగ్గర అదే పంపు 65 లీటర్లు దాటి తోస్తుంది, ఆ ఆయిల్ అంతా ఊరికే తిరిగి వేడెక్కుతుంది. కాబట్టి పంపుకి క్లచ్ పెట్టించండి. ఖర్చు అనిపిస్తుంది గానీ, ఇందులో బేరం వద్దు.

గేర్ పంపా, పిస్టన్ పంపా అంటే, ఈ సైజు బోటుకి నా ఓటు గేర్ పంపుకే. పిస్టన్ పంపు 300 బార్ దాకా వెళ్తుంది, ఇంజను మీద భారం తక్కువ, నిజమే. కానీ దానికి ఆయిల్ చాలా శుభ్రంగా ఉండాలి. పైగా అది పాడైతే హార్బర్‌లో విప్పి బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. గేర్ పంపుతో మిగిలిన డబ్బు ఆయిల్ కూలర్ మీద, ట్యాంకుకి తిరిగొచ్చే ఆయిల్‌ని వడకట్టే 10 మైక్రాన్ రిటర్న్ ఫిల్టర్ మీద, మంచి పైపుల మీద పెట్టండి.

కూలర్ ఎందుకంటే, వల కింద ఏ రాయికో తట్టుకుందనుకోండి. మెకానికల్ వించి అయితే రోపో గొలుసో తెగుతుంది. హైడ్రాలిక్‌లో ప్రెషర్ హద్దు దాటగానే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కాపాడుతుంది. అది 160 బార్‌కి సెట్ చేసి ఉందనుకోండి. మనవాళ్లు మాత్రం లీవర్ వదలకుండా అలాగే పట్టుకుని ఉంటారు! అప్పుడు 160 బార్ దగ్గర 35 లీటర్లూ వాల్వ్ మీదుగా పోతూ 9 కిలోవాట్లకు పైగా వేడి పుట్టిస్తాయి. ట్యాంకులో 100 లీటర్లుంటే నిమిషానికి 3 డిగ్రీలకు పైనే పెరుగుతుంది. మన ఇంజను రూమ్ ఎలాగూ కాలిపోతూ ఉంటుంది. ఆయిల్ 60 డిగ్రీల లోపే ఉండాలి, 80 దాటితే సీళ్లు గట్టిపడి లీకులు మొదలవుతాయి. ఈ వేడికి వీజీ 68 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) ఆయిల్ వాడండి, ట్యాంకు కనీసం 100 లీటర్లు ఉండాలి.

ఈ పైపు కొంచెం దగ్గరగా చూడండి. పైనంతా రంగు బాగానే ఉంది. క్లాంపు విప్పుతున్నాను. చూశారా, సరిగ్గా క్లాంపు కింద గుంటలు గుంటలుగా తినేసింది. ఉప్పునీరు అక్కడ నిలిచిపోయి ఆరదు. డెక్ మీద 316ఎల్ స్టెయిన్‌లెస్ వేయించండి, 304 సరిపోదు. 316ఎల్ అయినా క్లాంపు కింద ఏడాదికోసారి విప్పి చూడాల్సిందే. హోస్‌లకైతే రబ్బరు కన్నా ముందు చివర నొక్కి బిగించిన క్రింప్ ఫిట్టింగ్ తుప్పు పడుతుంది, అక్కడ గ్రీజు టేపు చుట్టండి. ట్యాంకు నుంచి పంపుకి ఆయిల్ వచ్చే సక్షన్ పైపు లోపలి వ్యాసం 27 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సన్నగా వేస్తే పంపు గరగరమంటూ అరుస్తుంది.

స్టీరింగ్ గురించి ఒక్క మాట. వించి ఆయిల్ లైనులోంచే స్టీరింగ్‌కి కూడా కనెక్షన్ ఇచ్చేద్దాం, పంపు ఖర్చు మిగులుతుంది అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 1978 మార్చి 16న ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం దగ్గర అమోకో కాడిజ్ అనే ట్యాంకర్‌కి ఏమైందో చూడండి, ఒక్క ఆయిల్ లైను పోతే స్టీరింగ్ ఏమవుతుందో తెలుస్తుంది. స్టీరింగ్ గేర్ ఆయిల్ పైపు ఫ్లాంజి బోల్టులు తెగాయి, ఆయిల్ కారిపోయింది, చుక్కాని మాట వినలేదు. రాత్రికి ఓడ రాళ్లకెక్కింది, 2 లక్షల టన్నులకు పైగా ముడిచమురు సముద్రం పాలైంది. ఆ తర్వాత ట్యాంకర్లకి నియమాలు బిగించారు, ఒక సిస్టమ్ పోయినా రెండోది చుక్కానిని తిప్పాలని. సోలాస్, అంటే ఓడల భద్రతకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పెద్ద ఓడ నిండు లోడుతో పూర్తి వేగంలో ఉన్నప్పుడు చుక్కాని ఒక పక్క 35 డిగ్రీల నుంచి ఇంకో పక్క 30 డిగ్రీలకు 28 సెకన్లలో తిరగాలి. మన బోటుకి ఆ రూలు వర్తించదు. కానీ స్టీరింగ్‌కి వేరే సర్క్యూట్, చేత్తో తిప్పడానికి ఎమర్జెన్సీ టిల్లర్ ఉండాలి.

ఫిట్టింగ్ అయ్యాక పంపు స్టార్ట్ చేయకముందే పైపులన్నీ ఫ్లష్ చేయించండి, అంటే లోపల ఆయిల్ పారించి కడిగించండి. వెల్డింగ్ పొట్టు లోపలే ఉంటుంది. మొదటి 50 గంటలకి ఫిల్టర్ మార్చండి. పాతది పారేయకుండా కోసి చూడండి. ఇత్తడి రంగు పొడి కనిపిస్తే పంపు లోపల అరుగుతోంది, నల్ల రబ్బరు ముక్కలుంటే సీలు పోతోంది. ట్యాంకుకి ఉండే సైట్ గ్లాసులో (ఆయిల్ కనిపించే గాజు) ఆయిల్ తెల్లగా మారి ఉంటే నీళ్లు కలిశాయి, ముందు కూలర్ ట్యూబులు చెక్ చేయండి.