ఒకే గ్రాఫిక్స్ కార్డుకి రెండు దారులు ఎందుకు?

[స్క్రీన్: టెర్మినల్. డెవ్ లోపల డీఆర్ఐ ఫోల్డర్]

నమస్కారం. ఇది లైనక్స్ మెషిన్. ఈ ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు చూడండి: కార్డ్0, రెండర్‌డీ128. మీ దగ్గర అంకెలు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. రెండూ ఒకే గ్రాఫిక్స్ కార్డుకి దారులే.

తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే తమ్ముడు ఒకడు మొన్న ఫోన్ చేశాడు. హాస్టల్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా, ల్యాబ్ మెషిన్‌లోకి వెళ్లి, ఫెస్ట్ వీడియోని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌తో కంప్రెస్ చేయబోయాడు. ఆ మెషిన్‌లో ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్‌తోనే ఆ పని చేయించాలనుకున్నాడు. "అన్నా, పర్మిషన్ డినైడ్ అంటోంది. నన్ను వీడియో గ్రూప్‌లో చేర్చమని సార్‌ని అడగనా?" అన్నాడు. వద్దన్నాను.

[స్క్రీన్: కార్డ్0 పక్కన గ్రూప్ పేరు 'వీడియో']

ఎందుకంటే లైనక్స్‌లో ఏ ఫైల్‌ని ఎవరు తెరవొచ్చో గ్రూపులను బట్టి ఉంటుంది; వీడియో గ్రూప్‌కి దక్కేది కార్డ్0. తెర రిజల్యూషన్ మార్చేదీ, తెర మీద ఏ బొమ్మ పడాలో చెప్పేదీ ఈ దారిలోనే. ఆ అధికారం ఉన్న ప్రోగ్రామ్‌ని డీఆర్ఎం మాస్టర్ అంటారు; డీఆర్ఎం అంటే లైనక్స్‌లో గ్రాఫిక్స్ చూసుకునే భాగం. ఒకసారికి ఒక్కరే. మామూలుగా అది విండోలన్నిటినీ తెర మీద చూపించే ఎక్స్ సర్వరో, వేలాండ్ కంపోజిటరో అయి ఉంటుంది. అయితే మాస్టర్ ఎవరూ లేనప్పుడు ఆ ఫైల్‌ని ముందు ఎవరు తెరిస్తే వాళ్లే మాస్టర్! అంటే హాస్టల్ గదిలో కూర్చున్న కుర్రాడి చేతికి ల్యాబ్ మానిటర్ వచ్చేస్తుంది. వీడియో కంప్రెస్ చేసుకోవడానికి అంత అధికారం ఎందుకు చెప్పండి?

ఒకప్పుడు ఎక్స్ సర్వరే రూట్ హోదాలో, అంటే అన్ని అధికారాలతో, కార్డుని నడిపే రిజిస్టర్లను నేరుగా ముట్టుకునేది. 2009లో వచ్చిన లైనక్స్ 2.6.29తో ఆ పని కెర్నెల్‌లోకి, అంటే లైనక్స్ మూల భాగంలోకి, రావడం మొదలైంది. అయినా జీపీయూని, అంటే గ్రాఫిక్స్ కార్డులోని చిప్‌ని, వాడాలంటే ప్రోగ్రామ్ కెర్నెల్ దగ్గర ఒక టోకెన్ తీసుకుని, ఎక్స్‌కి చూపించి, ఓకే అనిపించుకోవాల్సి వచ్చేది. ఎక్స్ నడవకపోతే జీపీయూ లేనట్టే ఉండేది. నాకు భయం వేసే విషయం ఇంకొకటి: ఆ దారిలో ప్రోగ్రాములు పంచుకునే బఫర్లకు, అంటే బొమ్మలు ఉండే మెమరీ ముక్కలకు, పేరు ఉత్త అంకె. లోపలికి వచ్చిన ఏ ప్రోగ్రామ్ అయినా ఆ అంకెను ఊహించి, పక్క విండోలోని బొమ్మను చదివేయొచ్చు.

[స్క్రీన్: రెండర్‌డీ128, గ్రూప్ పేరు 'రెండర్']

అందుకే రెండో దారి. 2014లో లైనక్స్ 3.17 నుంచి ఇది మామూలుగానే ఆన్‌లో ఉంటోంది. లెక్కలు చేయించుకోవచ్చు, బొమ్మ గీయించుకోవచ్చు, వీడియో ఎన్‌కోడ్ చేయించుకోవచ్చు. తెర జోలికి మాత్రం వెళ్లలేరు. అంకెతో బఫర్ తెరవడం కుదరదు. యజమాని ప్రోగ్రామ్ ఫైల్ డిస్క్రిప్టర్‌ని, అంటే తెరిచిన దానికి కెర్నెల్ ఆ ప్రోగ్రామ్‌కే ఇచ్చే గుర్తుని, స్వయంగా అందిస్తేనే పక్కవాడికి దొరుకుతుంది. ఎవరి మెమరీ వాళ్లకే ఉండేలా ఇప్పటి జీపీయూల్లో ఒక్కో ప్రాసెస్‌కి వేరే పేజ్ టేబుల్స్ (ఏ మెమరీ ఎక్కడుందో చెప్పే పట్టికలు) కూడా ఉంటాయి. ఏదైనా పని మధ్యలో ఇరుక్కుపోతే కెర్నెల్ రీసెట్ చేస్తుంది.

[స్క్రీన్: కమాండ్ టైప్ అవుతూ]

యూజర్‌ని రెండర్ గ్రూప్‌లో చేర్చడానికి ఉబుంటు, డెబియన్‌లలో అడ్మిన్ కొట్టాల్సింది ఇంతే: సుడో యూజర్‌మాడ్, మైనస్ ఏజీ, రెండర్, ఆపైన యూజర్ పేరు. లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. కార్డు ఏ వీడియో పనులు చేయగలదో చూపించే వీఏఇన్ఫో నడిపి, వచ్చిన వరుసల చివర 'ఎన్‌క్‌స్లైస్' ఉందేమో చూడండి. ఉంటే కార్డు ఎన్‌కోడ్ చేయగలదు. అన్నిటికీ 'వీఎల్‌డీ' అనే ఉంటే అది డీకోడ్ వరకే.